ఇంటి ముంగిట: అప్పిచ్చినవాడు ఎక్కడ నిలబడాలి?

ఈ నెల కుటుంబ ప్రార్థన గురించి వ్రాస్తానని క్రిందటి సంచికలో మాట ఇచ్చాను. దానిని వచ్చే నెలకు వాయిదా వేస్తున్నందుకు క్షమించాలి. మధ్యలో ఒక సంగతి జరిగింది. అది వ్రాయకుండా మరొకటి వ్రాయడానికి మనసొప్పలేదు.

ఒక మంగళవారం ఉదయం తెలియని నంబరు నుండి నా ఫోనుకు ఒక వార్త వచ్చింది. మా సంఘములోని ఒక సహోదరి ఫొటో, దాని క్రింద పెద్ద అక్షరాలతో ఆమె దొంగ అనీ, తీసుకున్న అప్పు ఎగవేసిందనీ, ఆమెకు హామీ ఉన్నది నేనే కనుక వెంటనే నేను కట్టాలనీ వ్రాసి ఉంది. అదే వార్త మా పాస్టరుగారికి వెళ్లింది. ఆమె జాకెట్లు కుట్టి ఇచ్చే ఇళ్లవారికీ, ఆమె కుమార్తె చదివే బడి పంతులమ్మకూ, చివరికి గ్యాసు బండ తెచ్చే అబ్బాయికీ వెళ్లింది. ఆమె ఫోనులో పేరున్న ప్రతివారికీ వెళ్లిందన్నమాట.

నా తప్పు ముందుగా ఒప్పుకోవాలి. అది చూడగానే నాకు కలిగిన మొదటి తలంపు, “ఈమె ఇంత పని చేసిందా?” అన్నదే. ముప్పై ఏళ్లు బ్యాంకులో అప్పుల కాగితాలు చూసినవాణ్ణి. అయినా ఇది పంపినవాడెవడు, నా నంబరు వాడి చేతికెలా చిక్కింది అన్న ప్రశ్న నాకు సాయంత్రానికి గాని తోచలేదు. ఆ తరువాత మూడు ఆదివారాలు ఆమె ఆరాధనకు రాలేదు. మాలో ఎవరమూ వెళ్లి అడగలేదు.

జరిగింది ఇది. భర్తకు జ్వరం తగ్గక ఆసుపత్రిలో చేర్చితే రక్తపరీక్షలకు డబ్బు చాలలేదు. ఫోనులో ప్రకటన చూసి, ఐదు నిమిషాల్లో 5,000 రూపాయల అప్పు ఇస్తామన్న ఒక యాప్‌ను ఎక్కించుకుంది. చేతికి వచ్చినవి 3,500. మిగిలిన 1,500 ఏవో ఫీజుల పేరిట ముందే పట్టుకున్నారు. ఏడు రోజుల్లో 5,000 కట్టాలి. లెక్క వేసి చూడండి, నూటికి వారానికి దాదాపు 43 రూపాయల వడ్డీ. మన ఊళ్లలో నూటికి నెలకు ఐదు రూపాయలు తీసుకునేవాణ్ణే జలగ అంటాం. 2015 డిసెంబరులో విజయవాడ కాల్‌మనీ వ్యవహారం బయటపడినప్పుడు రాష్ట్రమంతా ఉలిక్కిపడింది. ఆ కాల్‌మనీ వాడికైనా ఒక ముఖం ఉండేది, ఫలానా వీధిలో ఫలానా ఇల్లని చెప్పడానికి ఉండేది. ఈ యాప్ వాడికి అదీ లేదు.

యాప్ తెరవగానే ఫోనులోని పేర్లు, ఫొటోలు చూడడానికి అనుమతి ఇమ్మని అడిగిందట. ఇవ్వకపోతే ముందుకు కదలదు. ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్న మనిషి ఆ ముక్క చదివి ఆలోచిస్తుందా? నొక్కింది. ఆ ఒక్క నొక్కుతో ఆమె బంధువుల, స్నేహితుల, సంఘస్థుల నంబర్లన్నీ వాళ్ల దగ్గరకు చేరిపోయాయి. ఆ తరువాత యాప్‌ను తీసివేసినా, వెళ్లిన పట్టిక వెనక్కి రాదు.

బ్యాంకులో మేము హామీదారుని పిలిచి కూర్చోబెట్టి, ఈ అప్పు కట్టకపోతే నీ మీద పడుతుంది సుమా అని చెప్పి సంతకం పెట్టించేవాళ్లం. కొందరు ఆ మాట విని లేచి వెళ్లిపోయేవారు. వెళ్లడానికి వాళ్లకు హక్కుంది. సామెతల గ్రంథములో పూటపడుటను గూర్చిన హెచ్చరికలు మనకు తెలిసినవే. అయితే అక్కడ పూటపడేవాడు కనీసం తన నోటితో మాట ఇచ్చి చిక్కుకుంటాడు. ఇక్కడ నన్ను ఎవరూ అడగలేదు, నేను ఒప్పుకోలేదు. నా నంబరు ఒకరి ఫోనులో ఉన్న పాపానికి నేను హామీదారునయ్యాను. చట్టప్రకారం ఇది చెల్లదు. ఒక్క పైసా కట్టవలసిన బాధ్యత నాకు లేదు. వాళ్లకు కావలసింది నా డబ్బు కాదు, ఆమె సిగ్గు. వాళ్లు తాకట్టు పెట్టుకున్నది దానినే.

ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము ఎన్నిసార్లు చదివానో, అందులోని ఒక చిన్న ఆజ్ఞను మాత్రం ఎప్పుడూ దాటుకుంటూ పోయాను. పొరుగువానికి అప్పిచ్చినవాడు తాకట్టు తీసుకోవడానికి అతని ఇంటిలోనికి పోకూడదు. వీధిలోనే నిలబడాలి. ఇంటివాడు ఏ వస్తువు ఇవ్వాలో తానే ఎంచుకొని బయటకు తెచ్చి ఇస్తాడు. అప్పు తీర్చనక్కరలేదని ఆ ధర్మశాస్త్రము చెప్పలేదు, తాకట్టు వద్దనీ అనలేదు. కాని అప్పుపడ్డవానికి కూడా ఒక గడప ఉంది, ఆ గడప దాటే అధికారం డబ్బున్నవానికి లేదు. లోపలికి వెళ్తే ఏమవుతుంది? పిల్లల బట్టలు, అటక మీది బిందెలు, చిరిగిన పరుపు అన్నీ కంటబడతాయి. ఆ చూపే ఒక అవమానం. ఇప్పుడు మన పరుపులు, బిందెలు ఫోనులోనే ఉన్నాయి గదా!

అదే అధ్యాయములో ఆరవ వచనము తిరగలిని తాకట్టు పట్టడం కూడదంటుంది, ఎందుకంటే దానితోనే ఆ ఇంటివారు బ్రతకాలి. ఆటో నడిపేవానికీ, ఇంటింటికీ కూరలు చేర్చేవానికీ నేడు ఫోనే తిరగలి. వాయిదా తప్పితే దూరం నుండే ఫోనుకు తాళం పడేలా ముందే ఒక యాప్ పెట్టి వాయిదాల మీద ఫోన్లు ఇచ్చిన సందర్భాలు మన దేశంలో ఉన్నాయి. ఫోను మూసేస్తే అతడు ఆ వాయిదా డబ్బు ఎక్కడ సంపాదిస్తాడు?

మా సహోదరి కథ కొత్తదేమీ కాదు. 2010లో ఉమ్మడి రాష్ట్రంలో మైక్రోఫైనాన్సు వసూళ్ల ఒత్తిడికి కుటుంబాలు కూలిపోతే, ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. 2020 డిసెంబరులో తెలంగాణలో అప్పుల యాప్‌ల వేధింపులు భరించలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు కేసులు పెట్టి, ఆ ఫోన్లు చేయించే కాల్‌సెంటర్ల మీద దాడులు చేశారు. రిజర్వు బ్యాంకు ఆ నెలలోనే ప్రజలను హెచ్చరించి, 2021 జనవరిలో ఒక బృందాన్ని నియమించింది. మన దేశంలో వాడుకకు దొరుకుతున్న అప్పుల యాప్‌లు సుమారు 1,100 ఉంటే వాటిలో 600 అక్రమమైనవని ఆ బృందం లెక్క తేల్చింది.

ఆ తరువాత వచ్చిన నియమాలు మనకు తెలిసి ఉండాలి. 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం వసూలుకు వచ్చేవారు ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 తరువాత ఫోను చేయకూడదు. అప్పు తీసుకున్నవారిని నలుగురిలో అవమానించకూడదు, వారి కుటుంబీకుల, స్నేహితుల జోలికి పోకూడదు. అదే సంవత్సరం సెప్టెంబరు నియమాల ప్రకారం అప్పుల యాప్ ఫోనులోని పేర్ల పట్టికనూ, ఫొటోలనూ, మాట్లాడిన కాల్స్ వివరాలనూ ముట్టకూడదు. ఫీజులన్నీ కలిపి ఏడాదికి అసలు ఎంత వడ్డీ పడుతుందో ఒక కాగితంలో ముందే చూపాలి. వద్దనుకుంటే అసలు, వాడుకున్న రోజుల వడ్డీ కట్టి జరిమానా లేకుండా విడిపించుకోవడానికి కొంత గడువు ఇవ్వాలి. గూగుల్ సంస్థ కూడా 2023 మే 31 నుండి తన దుకాణంలోని అప్పుల యాప్‌లు పేర్లనూ, ఫొటోలనూ చూడకూడదని నిబంధన పెట్టింది. కనుక పేర్ల పట్టిక అడిగే అప్పుల యాప్ ఏదైనా సరే, ఆ అడగడంతోనే అది దొంగదని గుర్తుపట్టవచ్చు.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా, వ్యక్తిగత గోప్యత మన ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పారు. ఆ దావా వేసిన పుట్టస్వామిగారు ఒక విశ్రాంత న్యాయమూర్తి, అప్పటికే తొంభై దాటినవారు. మన వివరాల రక్షణకు చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. అందులోని ముఖ్యమైన బాధ్యతలకు మరో 18 నెలల గడువిచ్చారు. కంపెనీలకు గడువులు దొరుకుతాయి, మా సహోదరికి ఏడు రోజులే దొరికాయి.

నాల్గవ ఆదివారం ఆరాధన అయ్యాక నేనూ, నా భార్యా ఆమె ఇంటికి వెళ్లాం. తలుపు సగం తెరిచి, మమ్మల్ని చూసి అలాగే నిలబడిపోయింది. “మీరు కూడా డబ్బు కోసం వచ్చారా, బాబుగారూ?” అన్నది. ఆ మాట నాకు ఇప్పటికీ నిద్రలో వినిపిస్తుంది. మేము గడప బయటే నిలబడ్డాం. కాసేపటికి లోపలికి రమ్మన్నది. అప్పటికి ఒక అప్పు తీర్చడానికి మరొక యాప్‌లో తీసుకొని 21,000 కట్టింది. మొదటి 3,500 అట్లాగే పెరిగింది. భర్తకు ఏమీ చెప్పలేదు. మా ముందే చెప్పింది. ఆయన కోప్పడతాడనుకున్నాను. లేచి వెళ్లి ఆమెకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు.

ఆ మధ్యాహ్నం చేసినవి వ్రాస్తాను, ఎవరికైనా పనికివస్తాయి. వచ్చిన ప్రతి వార్తనూ, నంబరునూ చెరిపివేయకుండా ఫొటోలు తీసి ఉంచాం. కేంద్ర ప్రభుత్వపు సైబరు నేరాల నంబరు 1930కి ఫోను చేసి, మరునాడు పోలీసుస్టేషనులో ఫిర్యాదు ఇచ్చాం. రిజర్వు బ్యాంకు వారి సచేత్ అనే వెబ్‌సైటులోనూ ఫిర్యాదు నమోదు చేశాం. ఇక మీదట ఒక్క రూపాయి కట్టవద్దని, బెదిరింపు ఫోన్లు ఎత్తవద్దని చెప్పాం. ఎంత కడితే అంత అడుగుతున్నారు గనుక. ఫోను సెట్టింగ్స్‌లో ఏ యాప్‌కు ఏ అనుమతి ఉందో చూసి తీసివేశాం. ఈ పని చేస్తూ నా ఫోను కూడా చూసుకుంటే, టార్చిలైటు కోసం ఎప్పుడో ఎక్కించిన ఒక యాప్‌కు నా పేర్ల పట్టిక చూసే అనుమతి ఉంది! దీపానికి మా చుట్టాలతో ఏం పనో నాకు అర్థం కాలేదు.

పాస్టరుగారు అన్నిటికంటే మంచి పని చేశారు. ఆమె అనుమతి అడిగి, ఆ వార్త అందుకున్న ప్రతి సంఘస్థునికీ తానే ఫోను చేసి, “అది అబద్ధం, మన సహోదరి మోసగించబడింది, అది మీ దగ్గర ఉంటే ఎవరికీ పంపవద్దు” అని చెప్పారు. ఇద్దరు అప్పటికే పంపామని ఒప్పుకున్నారు.

ఇంకొక సంగతి మాలో మేము మాట్లాడుకున్నాం. క్రిస్మసు ముందు మేము అచ్చువేసే సంఘ డైరెక్టరీలో ప్రతి ఇంటివారి ఫోను నంబర్లు, పుట్టినరోజులు, పెండ్లిరోజులు ఉంటాయి. క్రిందటి సంవత్సరం ఒక భీమా ఏజెంటు అడిగితే ప్రతి ఒకటి ఇచ్చేశాం. ఎవరినీ అడగలేదు. ఈ ఏడు ఎవరి వివరాలు వేయాలో వారినే అడిగి వేయాలని నిర్ణయించాం.

ఇటువంటి ఇబ్బందిలో ఉన్నవారు పత్రిక చిరునామాకు జాబు వ్రాయండి. పేరు వ్రాయనక్కరలేదు. మా ఊరివారైతే ఆదివారం ఆరాధన తరువాత ఫోను పట్టుకొని నా దగ్గరకు రండి. ఆమె కూడా అక్కడే ఉంటుంది. ఏ అనుమతి ఎక్కడ తీసివేయాలో ఇప్పుడు నాకంటే ఆమెకే బాగా తెలుసు.