అరువిచ్చిన చేతిని వదిలేశాం

2020 మార్చి 25 తర్వాతి వారాలు గుర్తు చేసుకోండి. బస్సుల్లేవు, ఆటోల్లేవు, వచ్చే నెల జీతం పడుతుందో లేదో తెలియదు. ఫోన్‌లో ఆర్డరు పెడదామంటే డెలివరీ స్లాట్ దొరకలేదు. అయినా మన ఇళ్లలో పొయ్యి వెలిగింది. వీధి చివర కొట్టాయన సగం షట్టరు ఎత్తి, మూతికి గుడ్డ కట్టుకుని, మన చీటీలు అందుకుని సరుకులు కట్టిచ్చాడు. “డబ్బులకేముందండీ, తర్వాత చూసుకుందాం” అన్నాడు. మా కాలనీలో ఆయన పద్దు పుస్తకంలో ఆ రోజుల్లో వాచ్‌మన్ల, ఇళ్లలో పనిచేసేవాళ్ల పేర్లే కాదు, లక్షల్లో జీతాలు తీసుకునేవాళ్ల పేర్లూ ఎక్కాయి.

ఆ కొట్టు పోయిన ఉగాదికి ముందే మూతబడింది. పుస్తకంలో బాకీలు బాకీలుగానే ఉన్నాయి. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక్కరంటే ఒక్కరు “అయ్యో” అనలేదు. అదే వారం లిఫ్టు ఆగిపోతే అర్ధరాత్రి దాకా మెసేజీలు మోగుతూనే ఉన్నాయి.

నాకు కడుపు మండుతోంది. కంపెనీల మీద తర్వాత కోప్పడతాను. ముందు ఈ మౌనం సంగతి తేలాలి.

కిరాణా కొట్టు ఎలా నిలబడుతుందో మనవాళ్లలో చాలామందికి తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. కూలికి పోయి పొద్దుగూకాక తిరిగొచ్చిన ఆడమనిషి పది రూపాయల చింతపండు, ఇరవై రూపాయల నూనె, పావుకిలో కందిపప్పు అడుగుతుంది. ఆ బేరంలో కొట్టాయనకి దక్కేది ఏమీ ఉండదు. వారంలో సగం రోజులు అది కూడా అరువే, శనివారం కూలి చేతికొచ్చాకే కడుతుంది. ఆ అరువుని కొట్టాయన మోయగలిగింది నెల మొదట్లో మన ఇళ్ల నుంచి సరుకుల చీటీలు వచ్చేవి కాబట్టి. పాతిక కిలోల బియ్యం బస్తా, నూనె డబ్బా, పప్పులు, సబ్బులు, పండగ నెలలో బెల్లం, నెయ్యి. ఆ చీటీల మీద మిగిలిందే ఆమెకిచ్చిన అరువుకి పెట్టుబడి. ఉన్నవాడి నెలసరి బేరం లేనివాడి రోజువారీ బేరాన్ని నిలబెట్టిన ఏర్పాటు అది. ఏ ప్రభుత్వమూ పెట్టింది కాదు. మాట మీద, ముఖ పరిచయం మీద నడిచింది.

ఆ చీటీని మనం ఫోన్‌లోకి మార్చేశాం. దాంతో మనకి పోయిందేమీ లేదు, పోయిందంతా ఆమెకే. పది రూపాయల చింతపండు ఏ యాప్ పంపుతుంది? చిన్న ఆర్డరుకి డెలివరీ ఛార్జీ, హ్యాండ్లింగ్ ఛార్జీ కలిస్తే సరుకు ధరని మించిపోతాయి. శనివారం దాకా ఆగే యాప్ ఏది? మంచం పట్టిన మామగారికి గ్లూకోజు పొట్లం కావాలంటే “తీసుకెళ్లమ్మా” అనే యాప్ ఏది? ఈ ప్రశ్న మా అసోసియేషన్ సమావేశంలో అడిగితే, “అది మన సమస్య కాదు కదండీ” అన్నారు. మన ఇంట్లో గిన్నెలు తోమే మనిషి ఇంట్లో రాత్రి ఏం వండుకుంటారన్నది మన సమస్య కాదట.

2012లో మల్టీ బ్రాండ్ రిటైల్‌లో 51 శాతం విదేశీ పెట్టుబడికి కేంద్రం తలుపు తీసినప్పుడు దేశమంతా బంద్ జరిగింది, పార్లమెంటులో ఓటింగు దాకా వెళ్లింది. ఎవరు ఏ పక్షాన నిలబడ్డా ఆనాడు కనీసం వాదన ఉండేది, చిల్లర వర్తకుడి గురించి బెంగ ఉండేది. ఇవాళ కాలనీలో రోడ్డుకి కూడా కనిపించని గోడౌన్లు వెలుస్తున్నాయి. డార్క్ స్టోర్లంటారు వాటిని. కొనేవాళ్లు లోపలికి పోవడానికి లేదు. నష్టాలకి అమ్మి అలవాటు చేయగలిగినంత పెట్టుబడి వాటి వెనకుంది. వీధి కొట్టాయన వెనక భార్య తాకట్టు పెట్టిన గాజులున్నాయి. విదేశీ పెట్టుబడి తెచ్చుకున్న ఆన్‌లైన్ కంపెనీ కేవలం ఇతరులు అమ్ముకునే అంగడిగా ఉండాలి, సొంత సరుకు నిల్వ చేసి అమ్మకూడదని నిబంధన ఉంది. 2019 ఫిబ్రవరి 1 నుంచి దాన్ని మరింత బిగించామని చెప్పుకున్నారు కూడా. ఆ బిగింపు ఎక్కడ పనిచేస్తోందో వచ్చి మా వీధిలో చూపించండి. వినియోగ వస్తువుల పంపిణీదారుల అఖిల భారత సమాఖ్య 2024లో ఒక లెక్క చెప్పింది, ఏడాదిలో దాదాపు 2 లక్షల కిరాణా కొట్లు మూతబడ్డాయని. వాళ్లది వర్తకుల సంఘం, వాళ్ల లెక్క వాళ్లకి అనుకూలంగా ఉండొచ్చు. సగమే నిజమనుకోండి, లక్ష కుటుంబాలు. ఒక రోజు ఏ పత్రికలోనో లోపలి పేజీలో వచ్చింది, పోయింది.

మా వీధిలో కొందరం ఊరుకోలేకపోయాం. మిగిలిన ఒక్క కొట్టునైనా కాపాడుకుందామని నెల చీటీ అక్కడే ఇవ్వాలని, అయిదో తారీఖులోపు బాకీ కట్టేయాలని ఒప్పుకున్నాం. దాంతోపాటు డాబా మీద ఆకుకూరలు వేశాం. తోటకూర, మెంతికూర, చుక్కకూర, గోంగూర, పిట్టగోడ పక్కన బచ్చలి తీగ, పందిరికి చిక్కుడు పాదు. తోటకూర నెల తిరగకుండానే కోతకొస్తుంది. ఇంటికి సరిపోగా మిగిలింది కట్టలు కట్టి కొట్లో పెట్టాం, అయిదు రూపాయలకో కట్ట. ఆ అయిదు రూపాయల కట్టలు పొద్దున్న ఎనిమిదికల్లా అయిపోయేవి. కొన్నది ఎవరో తెలుసా? ఆ కూలి ఆడవాళ్లే. విత్తనాల కోసం కొట్లోనే ఒక డబ్బా పెట్టాం, తీసుకున్నవాళ్లు పంట ముదిరాక మళ్లీ విత్తనం తెచ్చి వేయాలి. కొట్టుకి మనుషులు రావడం మొదలైంది. పుదీనా కోసం వచ్చినవాళ్లు ఉప్పు కూడా అక్కడే కొన్నారు.

అప్పుడు డాబాకి తాళం పడింది.

కారణం, స్లాబు కారుతుందట. స్లాబు గురించి అడిగేవాళ్లకి జవాబు లేక కాదు. కుండీలని దూలాల మీదుగా, గోడల వెంబడి పెట్టుకోవాలి. కింద నీళ్లు నిలవకుండా ఇనుప స్టాండు వేయాలి. మట్టి ఒక్కటే నింపకుండా కొబ్బరి పొట్టు, కంపోస్టు కలిపితే బరువు తగ్గుతుంది. ముందే పై పొరకి వాటర్‌ప్రూఫింగ్ చేయించుకుంటే చాలు. కథా రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాద్ శివారు నారపల్లిలో తన ఇంటి మీద ఇది చేసి చూపించారు. మిద్దెతోట అన్న మాట ఇవాళ తెలుగు ఇళ్లలో మామూలు మాట కావడానికి ఆయన పట్టుదల పెద్ద కారణం. ఈ సంగతులన్నీ కాగితం మీద రాసి అసోసియేషన్‌కిచ్చాం, ఇంజనీరుని పిలిచి చూపిద్దామన్నాం. కాగితం తీసుకున్నారు. తాళం తీయలేదు. డాబా మీద సెల్ టవరుకి మాత్రం అనుమతి ఉంది, నెలనెలా అద్దె వస్తుంది కాబట్టి. దాని బరువుకి కారని స్లాబు మెంతికూరకి కారుతుందట! మే నెల ఎండకి నీళ్లు పోసే దిక్కు లేక బచ్చలి తీగ పిట్టగోడ మీదే మాడిపోయింది. కింద నుంచి చూస్తే కనిపించేది. ఏం చేయను, కింద నుంచే చూశాను.

ఆకుకూరల కట్ట గురించి ఇంత గొడవా అనేవాళ్లు ఈ అంకెలు చదవండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత, 2019–21. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఆరు నెలలు నిండిన అయిదేళ్లలోపు పిల్లల్లో తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం. గోంగూర, మునగాకు, పొన్నగంటి పెరిగే నేల ఇది. ఇక్కడ పదిమంది పిల్లల్ని వరసగా నిలబెడితే ఆరుగురికో ఏడుగురికో ఒంట్లో సరిపడా రక్తం లేదు. ఆకుకూర ఒక్కటే దీన్నంతా నయం చేస్తుందని నేననను. కానీ అయిదు రూపాయల కట్టనీ, దాని మీద పిండుకునే నిమ్మకాయనీ ఆ ఇంటికి అందనివ్వని వీధిలో, ఐరన్ మాత్రలు పంచి చేతులు దులుపుకుంటే ఎలా? పాఠశాలల్లో పోషకాహార తోటలు పెంచమని కేంద్రం 2019లోనే మార్గదర్శకాలిచ్చింది. మా పక్క బడి ఆవరణ అంతా సిమెంటు గచ్చు. ఒక మూల మునగ చెట్టు ఉండేది, గొంగళి పురుగులొస్తున్నాయని కొట్టేశారు.

ఇక మునిసిపాలిటీ సంగతి. మా గేటు పక్క వేపచెట్టు కింద ఒక పెద్దమ్మ తోపుడు బండి పెట్టుకుని కూరగాయలు అమ్మేది. పక్క ఊరి నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చేది. ఒక రోజు లారీ వచ్చింది. “తియ్యవే బండి, ఎన్నిసార్లు చెప్పాలి?” అని నడివయసు దాటిన మనిషిని పట్టుకుని అన్నాడొకడు. బండి లారీ ఎక్కింది, టమాటాలు రోడ్డు పాలయ్యాయి. వీధి వ్యాపారుల రక్షణ చట్టం 2014 నుంచీ అమల్లో ఉంది. అయిదేళ్లకొకసారైనా సర్వే చేయాలి. ఆ సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ తొలగించకూడదు. తరలించాల్సి వచ్చినా 30 రోజుల ముందు నోటీసివ్వాలి. సరుకు పట్టుకుంటే జాబితా రాసి చేతికివ్వాలి, పాడైపోయే సరుకైతే అడిగిన రోజే తిరిగివ్వాలి. పట్టణ వీధి వ్యాపారాల కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. ఇవన్నీ చట్టంలో ఉన్న మాటలే. ఆమె వెంట ఆఫీసుకి నేనూ వెళ్లాను. కమిటీ ఎప్పుడు కూర్చుందని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సరుకు జాబితా ఏదంటే “రేపు రండి మేడం” అన్నారు. రేపటికి వంకాయ ఏమవుతుందో వాళ్లకి తెలియదా? ఆమె అక్కడ ఏడవలేదు. బయటికొచ్చాక, “పోనీలెండమ్మా, మీ పని చెడిపోయింది నా వల్ల” అంది. దోపిడీకి గురైన మనిషి నాకు క్షమాపణ చెప్పుకుంది. నేను మరిచిపోను.

1999లో రైతుబజార్లు మొదలుపెట్టిన రాష్ట్రం మనది. దళారి లేకుండా పండించినవాడే అమ్ముకోవాలని చోటిచ్చాం, గుర్తింపు కార్డులిచ్చాం, గంపలెత్తుకొచ్చే రైతుల కోసం ఆర్టీసీ బస్సులు నడిపాం. చేయాలనుకుంటే ప్రభుత్వానికి చేతకానిదేం కాదని మన కళ్లతోనే చూశాం.

ప్రభుత్వం ముందుకు రాకపోతే మనుషులేం చేయగలరో కూడా చూశాం. హైదరాబాద్‌కి వంద కిలోమీటర్ల దూరంలో జహీరాబాద్ ప్రాంతం ఉంది. అక్కడ పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో చేరిన దళిత మహిళలు, చేతిలో చదువు లేక, చాలామందికి ఎకరం రెండెకరాల ఎర్ర చెలక తప్ప మరేం లేక, బీడు భూముల్లో జొన్నలు, కొర్రలు, పప్పుధాన్యాలు కలిపి పండించారు. ఎక్కడో గోడౌన్ల నుంచి వచ్చే రేషన్ బియ్యం కోసం ఎదురుచూడకుండా, ఊళ్లో పండిన జొన్నల్ని ఊళ్లోనే నిల్వ చేసి, ఏ ఇల్లు ఎంత పేదదో తామే తేల్చి పంచుకున్నారు. విత్తనాలు పోకుండా ఇంటింటా దాచారు. ఏటా సంక్రాంతి వేళ పాత పంటల జాతర చేసి ఎడ్లబండ్ల మీద విత్తనాలు ఊరూరా తిప్పారు. చేలో తమంతట తామే మొలిచే గునుగు లాంటి ఆకుకూరలేవో, ఎప్పుడు తినాలో వాళ్లకి తెలుసు. 2008లో సొంత రేడియో పెట్టుకున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి ఆ సంఘాల దాకా వచ్చింది. దశాబ్దాల పాటు వాళ్లతో ఉన్న పి.వి. సతీష్ 2023లో పోయారు. ఆ వార్త మన అపార్ట్‌మెంట్లలో ఎంతమంది చదివారో నాకు సందేహమే. తిండికి లేనివాళ్లు ఇంత చేశారు. అన్నీ ఉన్న మనం ఒక తాళం తీయలేకపోతున్నాం.

వచ్చే ఆదివారం మా అసోసియేషన్ సర్వసభ్య సమావేశం ఉంది. కార్యదర్శి గారూ, డాబా తాళంచెవి తెచ్చి బల్ల మీద పెట్టండి. కుండీలకి నియమాలు రాసుకుందాం, కారితే బాగుచేయించే ఖర్చు మొక్కలు పెంచేవాళ్లమే భరిస్తామని సంతకాలు పెడతాం. మూతబడిన కొట్టుకి పాత బాకీ ఉన్నవాళ్లు ఆ డబ్బు పట్టుకుని రండి, పద్దు పుస్తకం నకలు నా దగ్గరుంది, పేర్లు అందరిముందూ చదువుతాను. మిగిలిన కొట్టుకి నెల చీటీ ఇస్తారో లేదో చేతులెత్తి చెప్పండి. కమిషనర్ గారికి రాసిన ఉత్తరం కూడా అక్కడే ఉంటుంది: వీధి వ్యాపారాల కమిటీ ఇప్పటిదాకా ఎన్నిసార్లు కూర్చుంది, మా వార్డులో సర్వే ఏ తేదీన జరిగింది, పెద్దమ్మ బండి ఎక్కడుంది. సంతకం పెట్టేవాళ్లు పెట్టండి. పెట్టనివాళ్ల కోసం ఆమెనీ పిలిచాను, ముందు వరసలో కూర్చుంటుంది. ఎందుకు పెట్టరో ఆమెకి చెప్పి వెళ్లండి.