ఆ పతకంలో ఎవరి కూలి ఉంది?

కంబదూరులో పదమూడేళ్ల అమ్మాయి ‘నేను క్రికెట్ ఆడతా’ అంటే ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న ‘ఎందుకు?’ అని కాదు. ‘ఎట్ల పోయొస్తావు?’ అని. పొద్దున ఐదున్నరకు గ్రౌండ్‌లో ఉండాలి. మంచి పిచ్, నెట్స్, కోచ్ కావాలంటే అనంతపురం పోవాలి. కళ్యాణదుర్గం మీదుగా అంత దూరం పోవాలంటే రాత్రి మూడు గంటలకే బయలుదేరాలి. రోజూ అయ్యే పనేనా? అందుకే హాస్టల్. హాస్టల్ అంటే ఇంట్లో ఒక మనిషి తగ్గినట్టు. చెనిక్కాయ పీకే రోజుల్లో రెండు చేతులు తగ్గినట్టు.

మన ఫోన్లోకి వచ్చే రీల్‌లో ఇదేం కనపడదు. సిక్సర్, మెడల్, ఎయిర్‌పోర్టులో దండలు, వెనకాల ఓ హీరో బీజీఎం... ముప్పై సెకన్లలో అయిపోతుంది.

ఈ జిల్లాలోనే నార్పల మండలంలో బండ్లపల్లి అనే ఊరుంది. ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైంది అక్కడే, 2006 ఫిబ్రవరి 2న. మనవాళ్లు దాన్ని ఇప్పటికీ ‘కరువు పని’ అనే అంటారు. పేరులోనే జిల్లా చరిత్ర ఉంది కదా! ఆ బండ్లపల్లి నుంచే, వ్యవసాయ కూలీల ఇంటి నుంచే వచ్చింది బారెడ్డి అనూష. ఎడమచేతి స్పిన్నర్. 2023 జులైలో బంగ్లాదేశ్ టూర్‌లో ఇండియా జెర్సీ వేసుకుంది.

బండ్లపల్లి నుంచి మీర్పూర్ దాకా దారిలో ఒక మజిలీ లేకపోతే ఈ కథే లేదు. అది అనంతపురంలోని ఆర్డీటీ క్రీడా మైదానం. 1969లో ఇక్కడికి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన సంస్థ అది. చెరువులు, ఇళ్లు, బడులు, ఆసుపత్రులతో పాటు ఆటస్థలం కూడా కట్టింది. 2010లో నాదల్ ఫౌండేషన్ టెన్నిస్ స్కూల్ వచ్చింది అక్కడికే. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు జరిగిందీ అక్కడే. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే చోట పచ్చగడ్డి మైదానం ఉండడమే పెద్ద విషయం. పట్టుదల ఉంటే చాలు అని ఉపన్యాసాలిచ్చే వాళ్లు ఈ ముక్క ఎందుకో వదిలేస్తారు. పట్టుదల అనూషది. కానీ ఉండే గది, తిండి, బంతి, కోచ్... ఇవి ఎవరో ఒకరు ఇస్తేనే ఆ పట్టుదల వికెట్ల దాకా వచ్చింది.

సరే, అన్నీ దొరికాయి. కష్టపడ్డారు. అప్పుడైనా ఫలితం వస్తుందా? విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీని చూడండి. నాన్న సెక్యూరిటీ గార్డు. అమ్మ ఇళ్లల్లో పని చేసేది, ఆసుపత్రిలో క్లీనింగ్‌కూ పోయేది. జ్యోతి ఈవెంట్ 100 మీటర్ల హర్డిల్స్. పది అడ్డంకులు, ఒక్కోటి 84 సెంటీమీటర్ల ఎత్తు. అప్పటికి నేషనల్ రికార్డు 13.38 సెకన్లు. 2002లో అనురాధా బిస్వాల్ పెట్టింది.

2020 జనవరిలో మూడబిద్రి యూనివర్సిటీ మీట్‌లో జ్యోతి 13.03లో పరిగెత్తింది. రికార్డు బద్దలే! కానీ లెక్కలోకి తీసుకోలేదు. అక్కడ డోప్ టెస్టు చేసేవాళ్లు లేరు కాబట్టి. ఆ అమ్మాయి తప్పేముంది అందులో? ఏమీ లేదు. తర్వాత కొవిడ్, మైదానాలకు తాళాలు. 2022 ఏప్రిల్, కోళికోడ్. 13.09. మళ్లీ రికార్డు. మళ్లీ చెల్లలేదు. ఈసారి గాలి. వెనక నుంచి వీచే గాలి సెకనుకు 2.0 మీటర్లు దాటకూడదని రూలు. ఆ రోజు 2.1 ఉంది.

పాయింట్ ఒకటి. గాలి!

మనమైతే ఏం చేస్తాం? ఓ పెద్ద పోస్టు పెట్టి, రెండ్రోజులు స్టేటస్‌లు మార్చి... ఆ అమ్మాయి మరుసటి నెల సైప్రస్ వెళ్లి 13.23 పరిగెత్తింది. అంతకు ముందు రెండుసార్లు తను పరిగెత్తిన దానికంటే స్లో. కానీ గాలి ఒప్పుకుంది, పేపర్లు ఒప్పుకున్నాయి, ఇరవై ఏళ్ల రికార్డు పోయింది. 2023లో ఆసియా చాంపియన్‌షిప్ స్వర్ణం, హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రజతం. 2024లో పారిస్. ఒలింపిక్స్‌లో ఆ ఈవెంట్‌లో మన దేశం నుంచి అడుగుపెట్టిన మొదటి మనిషి తనే. 2025 మేలో మళ్లీ ఆసియా స్వర్ణం. ఆ వెంటనే మోకాలికి గాయం, ఆపరేషన్, సీజన్ పోయింది. నాకు పతకాల లిస్టు కంటే ఆ మూడబిద్రి నుంచి సైప్రస్ దాకా గడిచిన రెండేళ్లే ఎక్కువ ఆశ్చర్యం. చేసిన పని కాగితం మీద లేదు, అయినా పొద్దున్నే లేచి మళ్లీ ట్రాక్ మీదికి పోవాలి.

త్యాగం అనగానే అందరూ చెప్పే కథ పి.వి. సింధుది. 2016 రియోకు ముందు గోపీచంద్ మూడు నెలలు ఆమె ఫోన్ తీసేసుకున్నారు. ఐస్‌క్రీమ్ కూడా బంద్. (ఇది మీరు ఫోన్లోనే చదువుతున్నారు కాబట్టి నేనేం అనను.) నిజానికి ఆ కథలో నాకు పెద్దగా కనపడేది ఫోన్ కాదు, నాన్న. చిన్నప్పుడు మారేడుపల్లి నుంచి గచ్చిబౌలికి రోజూ పోనూ రానూ యాభై కిలోమీటర్ల పైనే. తెల్లారకముందే కూతుర్ని తీసుకెళ్లేవారు రమణ గారు. ఆయన కూడా వాలీబాల్‌లో అర్జున అవార్డు తీసుకున్న మనిషి, ఆట విలువ తెలుసు. రియోకు ముందు రైల్వే ఉద్యోగానికి నెలల తరబడి సెలవు పెట్టారు.

సెలవు. ఆ మాట దగ్గర ఆగండి. రైల్వేలో సెలవు ఉంటుంది. కంబదూరులో కూలికి పోయే నాన్నకు సెలవు ఏది? ఒక రోజు పాపను సెలక్షన్‌కు తీసుకుపోతే ఆ రోజు కూలి పోయినట్టే. పైన బస్సు చార్జీ. వాన లేని ఏడాది బెంగుళూరు పనికి పోయే ఇల్లయితే, పాపను ఎవరి దగ్గర వదలాలో కూడా లెక్కే. ఒకే కష్టం, ఇద్దరికీ ఒకే ధర పడదు.

ఇంకోటి. కడుపు మాడ్చుకుని ఆడడాన్ని త్యాగం అని పొగిడే అలవాటు మనకుంది. నాకది నచ్చదు. ఐస్‌క్రీమ్ మానేయడం త్యాగం. గుడ్డు దొరకకపోవడం త్యాగం కాదు, లేమి. ఖాళీ కడుపుతో రోజుకు రెండు పూటలా పరిగెత్తే పిల్లకు వచ్చేది పతకం కాదు, కళ్లు తిరగడం. చదువు మానేయడం కూడా అంతే. నెట్స్‌లో బౌలింగ్ చేసే వందమందిలో ఇండియా జెర్సీ ఎవరికి? మిగతా వాళ్ల చేతిలో డిగ్రీ ఉంటే పోలీసు, రైల్వే, పీఈటీ... స్పోర్ట్స్ కోటా తలుపులైనా తెరుచుకుంటాయి. హాస్టల్‌కు పంపే అమ్మానాన్నలు సిగ్గుపడకుండా అడగాల్సినవి ఈ రెండే. తిండి ఏం పెడతారు, బడికి ఎప్పుడు పంపుతారు.

జ్యోతికి హైదరాబాద్‌లో మొదట్లో శిక్షణ ఇచ్చిన నాగపురి రమేశ్ దగ్గరే ఇంకో అమ్మాయి తయారైంది. జీవంజి దీప్తి. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ. మేధోపరమైన వైకల్యంతో పుట్టింది. చిన్నప్పుడు ఊళ్లో పడ్డ మాటలు ఆమె తల్లి ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పారు, అవి ఇక్కడ రాయను. 2024 మేలో కోబెలో 400 మీటర్లు 55.07 సెకన్లు, టీ20 విభాగంలో ప్రపంచ రికార్డు. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్ కాంస్యం. అంతకు ముందు ఏడాది ఆసియా పారా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. అప్పుడు వచ్చిన డబ్బుతో ఆ ఇల్లు మొదట చేసిన పని, ఒకప్పుడు పూట గడవక అమ్ముకున్న పొలాన్ని తిరిగి కొనడం.