కిటికీలో ఉంది కిటుకు!

ఇల్లు కట్టుకునేటప్పుడు హాల్లో వేసే గ్రానైట్ కోసం నాలుగు షాపులు తిరుగుతారు. వంటింటి టైల్స్ రంగు మీద ఇంటిల్లిపాదీ వారం రోజులు చర్చిస్తారు. కిటికీల దగ్గరికొచ్చేసరికి మాత్రం 'అందరూ ఏవి పెట్టించుకుంటున్నారో అవే పెట్టెయ్ మేస్త్రీ' అనేస్తారు. ఆ మాట ఖరీదెంతో మే నెలలో తెలుస్తుంది.

పడమటి పడగ్గది నాయనమ్మది. మధ్యాహ్నం మూడు దాటితే చాలు, అద్దంలోంచి ఎండ నేరుగా ఆవిడ మంచం మీదికి వచ్చేస్తుంది. ఏసీ ఆగకుండా నడుస్తూనే ఉంటుంది, గది మాత్రం చల్లబడదు. 'ఏసీ పాడైనట్టుంది నాయనా' అంటుందావిడ. మెకానిక్ వచ్చి, విప్పి చూసి 'గ్యాస్ బాగానే ఉంది సార్' అని తన చార్జీ తీసుకుని వెళ్లిపోతాడు. తప్పు ఏసీది అయితే కదా దొరకడానికి!

ఇది కరెంటు బిల్లుతో పోయే గొడవ కూడా కాదు. 2015 వేసవిలో ఎండల ధాటికి ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కలిపి సుమారు 2 వేల మంది చనిపోయారు. ఎండదెబ్బ రోడ్డు మీదే తగలాలని లేదు. గాలాడక వేడెక్కిన గదిలో పడుకున్న పెద్దవాళ్లకీ తగులుతుంది. సాయంత్రం కరెంటు పోతే ఆ గదిని చల్లగా ఉంచాల్సింది కిటికీయే.

ఎంత ఎండ వస్తోంది?

నాలుగడుగుల వెడల్పు, ఐదడుగుల ఎత్తు కిటికీనే తీసుకుందాం. వేసవి సాయంత్రం పడమటి గోడ మీద చదరపు మీటరుకు సుమారు 500 నుంచి 600 వాట్ల ఎండ పడుతుంది. మామూలు తెల్ల అద్దం అందులో 80 శాతానికిపైగా లోపలికి వదిలేస్తుంది. అంటే ఆ ఒక్క కిటికీ నుంచే ఎనిమిది, తొమ్మిది వందల వాట్ల వేడి! ఒక టన్ను ఏసీ శక్తిలో దాదాపు నాలుగో వంతు దీన్ని తోడిపోయడానికే సరిపోతుంది.

మరి డబుల్ గ్లాస్ పెట్టిస్తే? రెండు అద్దాల మధ్య గాలి పొర ఉండే ఈ ఏర్పాటు వేడిగాలి నుంచి చల్లగాలికి పాకే వేడిని తగ్గిస్తుంది. బయట 42, లోపల 27 డిగ్రీలున్నప్పుడు మన కిటికీ ఒంటి అద్దం గుండా అలా వచ్చేది 160 వాట్లు. డబుల్ గ్లాస్ దాన్ని సగం చేస్తుంది. నేరుగా పడే ఎండతో పోలిస్తే ఇదెంత? రెండూ తెల్ల అద్దాలే అయితే ఆ ఎండలో 70 శాతం దాకా ఇంకా లోపలికి వస్తూనే ఉంటుంది.

అందుకే షాపులో ముందుగా అడగాల్సింది 'ఎస్‌హెచ్‌జీసీ ఎంత?' అని. పడిన ఎండలో ఎన్నో వంతు వేడిగా గదిలోకి చేరుతుందో చెప్పే అంకె ఇది. తెల్ల అద్దానికి 0.8 పైనే. ఎండను తిప్పికొట్టే పూత ఉన్న అద్దాల్లో 0.3 దరిదాపుల్లోనూ దొరుకుతాయి. రెండో అంకె వీఎల్‌టీ, అంటే లోపలికొచ్చే వెలుతురు. ఇది మరీ తక్కువైతే పట్టపగలే లైటు వేసుకోవాలి. ఉత్త రంగు అద్దాన్ని నమ్ముకోకండి. అది వేడిని పీల్చుకుని, తానూ కాలి, కొంత గదిలోకే వదులుతుంది.

ఏ దిక్కుకు ఏది?

దక్షిణం కిటికీ అంటే చాలామందికి భయం. నిజానికి హైదరాబాద్‌లో మే రెండో వారం నుంచి జులై చివరిదాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. మిగతా కాలంలో దక్షిణపు ఎండను రెండడుగుల సన్‌షేడ్ చాలావరకు ఆపేస్తుంది. తూర్పు, పడమరలతోనే చిక్కు. వాలు సూర్యుడు సన్‌షేడ్ కిందినుంచే దూరిపోతాడు. అక్కడ కిటికీలు చిన్నవి పెట్టించుకోవాలి. లేదా బయటివైపు వెదురు బద్దల తెరో, చెక్క రెక్కల తలుపులో, వసారానో, ఓ వేపచెట్టో ఉండాలి. లోపల కట్టే కర్టెన్ ఎంత మందమైనదైనా అప్పటికే ఎండ అద్దం దాటేసి ఉంటుంది.

గాలి సంగతీ చూసుకోవాలి. రెండు తలుపుల స్లైడింగ్ కిటికీ ఎంత లాగినా తెరుచుకునేది సగమే. రెక్కల కిటికీ 90 శాతం దాకా తెరుచుకుంటుంది. కేంద్ర విద్యుత్ శాఖ 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత, ఇంట్లో బయటికి తెరుచుకునే భాగం హైదరాబాద్ లాంటి చోట నేల విస్తీర్ణంలో కనీసం 12.5 శాతం, విజయవాడ, విశాఖ లాంటి ఉక్కపోత ఊళ్లలో 16.66 శాతం ఉండాలంది. వెయ్యి చదరపు అడుగుల ఫ్లాటుకు వరుసగా 125, 167 చదరపు అడుగులన్నమాట. బాల్కనీ తలుపులూ ఈ లెక్కలోకే వస్తాయి.

ఏసీ గదిలో సందులు ఉండకూడదు. కిటికీ మూసి, అంచుల వెంట వెలిగించిన అగరుబత్తి పట్టుకోండి. పొగ వంకర్లు పోయిందంటే అక్కడ రబ్బరు బీడింగ్ మార్చాలి. ఫ్రేము విషయానికొస్తే అల్యూమినియం కన్నా టేకు, యూపీవీసీ వేడిని తక్కువ మోస్తాయి. అయితే బడ్జెట్ తక్కువైతే ముందు డబ్బు నీడ మీద పెట్టండి, తర్వాత అద్దం మీద, ఆపైన ఫ్రేము మీద. అద్దె ఇల్లయినా సరే, బయట తెర కట్టుకోవడానికి యజమాని కాదనకపోవచ్చు.

వసారాకు వట్టివేళ్ల తెరలు కట్టి, పూటపూటా నీళ్లు చిలకరించిన తరం నాయనమ్మది. ఎండను ఎక్కడ ఆపాలో ఆవిడకి బాగా తెలుసు. కిటికీలకు ఆర్డరిచ్చే ముందు మేస్త్రీతో పాటు ఆవిడనూ ఓ మాట అడగండి.