ఇండియా టికెట్టుతో పాటు ఇంటి పాలసీ కూడా తీసి చూడండి

డిసెంబరు వచ్చిందంటే కనాటాలో మన తెలుగువాళ్ళ ఇళ్ళలో సూట్‌కేసులు బేస్‌మెంట్ నుంచి పైకొస్తాయి. పిల్లలకు క్రిస్మస్ సెలవులు, మనకు వాడుకోని లీవులు, అటు సంక్రాంతి. అమ్మానాన్నలను చూసి నాలుగు వారాలకు తిరిగొస్తాం. వెళ్ళేముందు బంగారం లాకర్లో పెడతాం, వాకిట్లో మంచు తీయడానికి మనిషిని మాట్లాడతాం, ఉత్తరాలు తీసిపెట్టమని పక్కింటివాళ్ళకు చెబుతాం. హీటు కాస్త తగ్గించి, తాళం వేసి విమానం ఎక్కుతాం. ఇంటికి ఇన్సూరెన్స్ ఉంది కదా అని ధైర్యం. ఆ ధైర్యం ఎంతవరకు నిలుస్తుందో పాలసీ కాగితం చదివినవాళ్ళకే తెలుస్తుంది. మనలో చదివినవాళ్ళు బహు తక్కువ.

కనాటా సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట. ఇది కెనడా రాజధాని ఒట్టావాకు పడమటి శివారు, 2001లో ఆ నగరంలోనే కలిసిపోయింది. నార్టెల్ వెలిగిన రోజుల్లో టెలికం ఉద్యోగాల కోసం వచ్చిన మనవాళ్ళు ఇక్కడ స్థిరపడ్డారు. నార్టెల్ 2009లో దివాలా తీసినా నోకియా, ఎరిక్సన్, సియెనా లాంటివి ఉన్నాయి కాబట్టి రాక ఆగలేదు. జనవరిలో మైనస్ 20 డిగ్రీలన్నది ఇక్కడ వార్తే కాదు.

అలాంటి చలిలో ఫర్నేస్ ఆగిపోతే ఏమవుతుంది? ఒకటి రెండు రోజుల్లో ఇల్లు చల్లబడిపోతుంది. బయటి గోడల వెంట ఉన్న పైపుల్లో నీళ్ళు గడ్డకడతాయి. గడ్డకట్టిన నీరు తొమ్మిది శాతం దాకా ఉబ్బుతుంది, పైపు చీలుతుంది. చిత్రమేమంటే ఆ క్షణాన ఒక్క చుక్క కూడా కారదు. ఐసు కరగడం మొదలయ్యాక కారుతుంది. ఇంట్లో మనిషి ఉంటే చప్పుడు విని మెయిన్ వాల్వు కట్టేస్తాడు. మనిషి లేని ఇంట్లో పై అంతస్తు నుంచి సీలింగు తడిసి కూలి, చెక్క ఫ్లోరింగు ఉబ్బి, బేస్‌మెంట్ చెరువయ్యేదాకా ఆపేవాళ్ళు ఉండరు.

ఇక్కడే పాలసీలో ఒక షరతు ఉంటుంది. చలికాలంలో వరుసగా నాలుగు రోజులకు మించి (కొన్ని కంపెనీల్లో ఈ గడువు వేరేగా ఉంటుంది) ఇంట్లో లేకపోతే, పైపులు గడ్డకట్టి పగిలిన నష్టానికి కంపెనీ బాధ్యత లేదు. తప్పించుకునే దారులు రెండే. నమ్మకమైన మనిషి రోజూ ఇంటి లోపలికి వెళ్ళి హీటు పనిచేస్తోందో లేదో చూడాలి. లేదంటే వెళ్ళేముందు మెయిన్ కట్టేసి, పైపుల్లో ఉన్న నీళ్ళన్నీ ఖాళీ చేసి ఉండాలి. పక్కింటాయన కారులోంచి చూసి బాగానే ఉందని అనుకోవడం లెక్కలోకి రాదు. వారానికోసారి ఉత్తరాలు తీయడమూ రాదు.

ఈ షరతు అన్యాయమని మేం అనడం లేదు. ఖాళీ ఇంట్లో చిన్న లీకు పెద్ద నష్టమవుతుంది, కంపెనీ భయం కంపెనీది. కానీ పన్నెండు వేల కిలోమీటర్లు దాటి వెళ్ళే కుటుంబం నాలుగు రోజుల్లో ఎలా తిరిగొస్తుంది? చలికాలమంతా ఫ్లోరిడాలో గడిపే ఇక్కడి పెద్దవాళ్ళకు ఈ విషయం తాతల నాటి నుంచి తెలుసు, నీళ్ళు కట్టేసి మరీ వెళ్తారు. కొత్తగా వచ్చిన మనకు చెప్పేదెవరు? ఫోన్లో పాలసీ అమ్మే మనిషి రూఫ్ వయసెంత, అలారం ఉందా, కట్టెల పొయ్యి ఉందా అని అన్నీ అడుగుతాడు. ఇండియాకు ఎన్నాళ్ళు వెళ్తుంటారని అడగడు. అమ్మేటప్పుడు ఈ ఒక్క ప్రశ్న తప్పనిసరి చేస్తే ఎన్నో కొంపలు నిలుస్తాయని మా అభిప్రాయం. అప్పటిదాకా మనమే అడగాలి, జవాబు ఈమెయిల్లో రాయించుకోవాలి.

రోజూ మా ఇంటికి రమ్మని ఎవరినైనా ఎలా అడుగుతాం అంటారు. అదే మన మొహమాటం. చేబదులు చక్కెర అడగడానికి లేని మొహమాటం దీనికెందుకు? నాలుగు కుటుంబాలు కలిసి వంతులు వేసుకోవచ్చు. సంక్రాంతికి వెళ్ళినవాళ్ళ ఇల్లు మార్చిలో వెళ్ళేవాళ్ళు చూస్తారు, తర్వాత వాళ్ళ ఇల్లు వీళ్ళు చూస్తారు. వెళ్ళిన మనిషి రోజూ థర్మోస్టాట్‌కు ఒక ఫోటో తీసి వాట్సాప్‌లో పెడితే చాలు, తేదీతో సహా సాక్ష్యం అదే. తిరిగొచ్చేటప్పుడు కాకినాడ కాజాలు ముందు వాళ్ళింటికి వెళ్ళాలి, అది వేరే చెప్పక్కర్లేదు. ఎవరూ దొరక్కపోతే ప్లంబరును పిలిచి నీళ్ళు తీయించేయండి. అన్నట్టు, మీ ఇంట్లో మెయిన్ వాల్వు ఎక్కడుందో మీ ఆవిడకు, పిల్లలకు తెలుసా? మీకు తెలుసా?

ఎండాకాలం నీళ్ళ కథ వేరు. 2009 జులై 24న కనాటాలోని గ్లెన్ కైర్న్ ప్రాంతంలో కుండపోత కురిసి బేస్‌మెంట్లు మునిగాయి. నీళ్ళు వీధిలోంచి రావడమే కాదు, డ్రెయిన్లు పట్టక మురుగు వెనక్కి తన్ని ఫ్లోరు మీదికి వచ్చింది. మనకు నీళ్ళంటే నీళ్ళే. ఇన్సూరెన్స్ కంపెనీ మాత్రం నీళ్ళకు కూడా గోత్రం అడుగుతుంది. పైపు హఠాత్తుగా పగిలి వస్తే మామూలు పాలసీలో వస్తుంది. డ్రెయిన్లోంచి వెనక్కి తన్నితే దానికి విడిగా ఎండార్స్‌మెంట్ కొని ఉండాలి. నేల మీదుగా వరద వస్తే అది ఇంకో ఎండార్స్‌మెంట్. పునాది పగుళ్ళలోంచి నెమ్మదిగా ఊరితే సాధారణంగా దేంట్లోనూ రాదు.

వరద కవరేజీ అసలు ఇక్కడి ఇళ్ళకు 2015 దాకా దొరికేదే కాదు. 2013 జూన్‌లో కాల్గరీ వరదలు, అదే ఏడాది జులై 8న టొరంటోలో కుంభవృష్టి (పియర్సన్ విమానాశ్రయంలో కొన్ని గంటల్లోనే 126 మిల్లీమీటర్లు) కంపెనీల కళ్ళు తెరిపించాయి. ఒక్క టొరంటో వానకే కంపెనీలు వంద కోట్ల డాలర్లకు దగ్గరగా చెల్లించాయి. ఆ తర్వాతే వరద కవరేజీ అమ్మడం మొదలైంది. ఆ చేత్తోనే మురుగు నీటి కవరేజీకి పరిమితులూ పెట్టారు. కాబట్టి ఎండార్స్‌మెంట్ ఉందని సంబరపడకుండా, ఎంతవరకు ఉందో అంకె చూడండి. ఫినిష్ చేసిన బేస్‌మెంట్ మళ్ళీ కట్టాలంటే 10 వేల డాలర్ల పరిమితి ఏ మూలకు? 2024 జులై 16న టొరంటోలో మళ్ళీ అదే కథ, దాదాపు 98 మిల్లీమీటర్ల వాన.

అదే ఏడాది సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ మునిగినప్పుడు, కింది అంతస్తు మునిగిన ఇంటికి 25 వేల రూపాయలు, పై అంతస్తుల వాళ్ళకు 10 వేలు ప్రభుత్వం ప్రకటించింది. ఆ డబ్బు చాలిందా లేదా అన్నది వేరే చర్చ. ఇంటింటికీ వచ్చి రాసుకున్నారు. ఇక్కడ రాసుకోవడానికి ఎవరూ రారు. మన చేతిలో ఉన్నది ఒప్పంద పత్రమే, అందులో ఏముంటే అదే.

ఇప్పుడు చెప్పబోయేది కొందరికి కోపం తెప్పించవచ్చు. మనవాళ్ళు చాలామంది బేస్‌మెంట్‌ను స్టూడెంట్లకో, కొత్తగా వచ్చిన ఉద్యోగులకో అద్దెకిస్తారు. తప్పేం లేదు, ఇంటి అప్పు కట్టాలి మరి. కానీ ఆ సంగతి ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పరు. ప్రీమియం పెరుగుతుందని. ఇంట్లో అద్దెకు మనుషులు దిగడమంటే కంపెనీ దృష్టిలో ముఖ్యమైన మార్పు. చెప్పకుండా దాచి, నీళ్ళు వచ్చాక అడ్జస్టర్ బేస్‌మెంట్లో రెండో వంటగది, నాలుగు పరుపులు చూస్తే ఏమవుతుంది? క్లెయిమ్ తిరస్కరించవచ్చు, పాలసీయే రద్దు కావచ్చు. ఏడాదికి కొన్ని వందల డాలర్లు మిగుల్చుకోబోయి ఇల్లంతటి ఆస్తిని గాలిలో పెట్టడం ఏ లెక్కన లాభం?

కింద ఉండే కుర్రాడి సంగతి ఇంకా అన్యాయం. ఓనరు పాలసీ అతని సామాన్లకు వర్తించదు. లాప్‌టాప్, సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు, పరుపు అన్నీ మురుగులో నానితే అతనికి దిక్కెవరు? టెనెంట్ ఇన్సూరెన్స్ సాధారణంగా నెలకు 20, 30 డాలర్లకే దొరుకుతుంది. బేస్‌మెంట్లో ఉండే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ పాలసీలో కూడా మురుగు నీటి ఎండార్స్‌మెంట్ ఉందో లేదో అడగండి. పాస్‌పోర్టు, వర్క్ పర్మిట్ కాగితాలు నేలకు తగిలేలా పెట్టకండి, గోడ అలమరలో పై అరలో పెట్టండి. ఇల్లు నెమ్మెక్కి బూజు పట్టినా ఓనరు పట్టించుకోకపోతే ఒంటారియోలో ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ బోర్డుకు టీ6 దరఖాస్తు పెట్టే హక్కు మీకుంది. వంటగదో, బాత్‌రూమో ఓనరుతో కలిసి వాడుకుంటుంటే మాత్రం ఆ చట్టం మీకు వర్తించదు, ఇది తెలియక చాలామంది బోర్డు దాకా వెళ్ళి తిరిగొస్తారు. ఓనరు మన ఊరివాడే, అన్నయ్యా అని పిలుస్తాం, ఎలా అడగడం అంటారా? అడగండి. చెల్లెలి స్థానంలో ఉన్న పిల్ల బూజు గదిలో దగ్గుతుంటే అన్నయ్య అనిపించుకున్నవాడు ముందు సిగ్గుపడాలి.

సరే, నీళ్ళు వచ్చేశాయి. స్విచ్‌బోర్డులు తడిసిన చోట నీళ్ళలో కాలు పెట్టకండి. మెయిన్ కట్టి, ఏదీ కదపకముందే ఫోటోలు, వీడియో తీసి, కంపెనీకి ఫోన్ చేయండి, రాత్రయినా సరే. ఒకటి రెండు రోజుల్లో బూజు మొదలవుతుంది కాబట్టి ఆరబెట్టడం ఆపకూడదు. నష్టం పెరగకుండా చూడటం మన బాధ్యత అని పాలసీలోనే ఉంటుంది. కార్పెట్ తీసేయక తప్పకపోతే ఒక ముక్క కోసి దాచండి. శుభ్రం చేసే కంపెనీ మనిషి అర్ధరాత్రి చేతిలో పెట్టిన కాగితం చదవకుండా సంతకం చేయకండి.

అడ్జస్టర్ అడిగే మొదటి ప్రశ్న, ఎప్పటి నుంచి కారుతోంది అని. మనం మర్యాద కోసం, ఏదో ఒకటి చెప్పాలి కదా అని, కొంతకాలంగా అనుకుంటా అంటాం. ఆ ఒక్క మాటతో హఠాత్తుగా జరిగిన నష్టం కాస్తా నెమ్మదిగా జరిగిన నష్టమైపోతుంది, క్లెయిమ్ పోతుంది. అబద్ధం చెప్పమనడం లేదు. చూసింది, చూసిన రోజు, గంట చెప్పండి. తెలియనిది ఊహించి చెప్పకండి.

ఇక సామాన్ల పట్టీ. బేస్‌మెంట్ సూట్‌కేసుల్లో మన ఆడవాళ్ళ పట్టుచీరలుంటాయి. ధర్మవరం, గద్వాల, కంచి చీరలు డజను తడిసి రంగులు కలిసిపోతే అడ్జస్టర్ వాటిని మామూలు బట్టల కింద రాసుకుంటాడు. అతనికి పట్టుచీర తెలియదు, బిల్లు మన దగ్గర ఉండదు. పెళ్ళి ఫోటోల్లో ఆ చీర కట్టుకున్న ఫోటో ఉంటుంది, అది ఇవ్వండి. అలాంటి చీర ఇవాళ ఎంతుందో షాపు వెబ్‌సైటులో ధర చూపించండి. వెట్ గ్రైండర్‌కూ, దేవుడి మందిరానికీ ఇదే పద్ధతి. పాలసీలో కొత్త వస్తువు ధర ఇస్తారా, వాడిన వస్తువు ధర ఇస్తారా అన్నది కూడా చూసుకోండి, తేడా సగానికి సగం రావచ్చు.

ఇండిపెండెంట్ అడ్జస్టర్ అన్న పేరు చూసి మోసపోవద్దు, అతన్ని పంపేదీ జీతమిచ్చేదీ కంపెనీయే. మన తరఫున పనిచేసేవాడిని పబ్లిక్ అడ్జస్టర్ అంటారు, ఫీజు మనం కట్టాలి. నష్టం ఎంత అన్న దగ్గరే పేచీ అయితే ఒంటారియో చట్టంలో అప్రైజల్ అనే దారి ఉంది. చెరో మదింపుదారుణ్ణి పెట్టుకుంటారు, వాళ్ళకు కుదరకపోతే మధ్యవర్తి తేలుస్తాడు. క్లెయిమ్ కాదన్నారా, కారణం రాతపూర్వకంగా, ఏ షరతు కిందనో అంకెతో సహా అడగండి. కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాసి తుది నిర్ణయం లేఖ తీసుకుని, జనరల్ ఇన్సూరెన్స్ ఆంబుడ్‌సర్వీస్‌కు వెళ్ళవచ్చు, పైసా ఖర్చు లేదు. ఫిర్యాదు చేస్తే పీఆర్‌కో, వీసాకో అడ్డం వస్తుందని కొందరి భయం. ఇమ్మిగ్రేషన్ ఆఫీసుకూ మీ కార్పెట్‌కూ సంబంధం లేదు.

ఒక్కటి మాత్రం మరిచిపోకండి. ఒంటారియోలో చాలా ఇంటి పాలసీల్లో కోర్టులో దావా వేయడానికి గడువు నష్టం జరిగిన నాటి నుంచి ఒక్క ఏడాదే. ఉత్తరాలు నడుస్తున్నాయి కదా అని ఊరుకుంటే ఆ ఏడాది ఇట్టే గడిచిపోతుంది. పదో నెల దాటినా తేలకపోతే లాయరును కలవండి.