పేరు తెలియని రోగానికి మందేది?

కొత్త జ్వరం వస్తే ఊళ్లో ముందు పుట్టేది పుకారు. పరీక్ష ఆ తర్వాతెప్పుడో! ఈ వరుస మారకపోతే ఎంత నష్టమో 2003లో సార్స్ చూపించింది. ఇరవై ఏళ్లు దాటినా ఆ పాఠం సరిహద్దు జిల్లాల దాకా వచ్చిందా అన్నదే ప్రశ్న.

2002 నవంబరులో చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో అంతుచిక్కని న్యుమోనియా మొదలైంది. వైద్యం చేసిన డాక్టర్లు, నర్సులే మంచం పట్టారు. 2003 ఫిబ్రవరిలో అక్కడి జాతీయ సంస్థ ఇది క్లమీడియా అనే బాక్టీరియా పనేనని తేల్చేసింది. రోగులను దగ్గరుండి చూసిన ఝోంగ్ నాన్‌షాన్ వంటి వైద్యులు ఒప్పుకోలేదు. బీజింగ్‌లోని సైనిక పరిశోధకులైతే ఆ నెలాఖరుకే మైక్రోస్కోపులో కరోనా వైరస్ లాంటి కణాలను చూశారు. అయినా పెద్దల మాటకు ఎదురు చెప్పలేక ఊరకుండిపోయారు. ఈలోగా రోగం హాంకాంగ్‌లోని ఒక హోటల్ మీదుగా వియత్నాం, సింగపూర్, కెనడాలకు పాకింది. హనోయిలో ఇది మామూలు ఫ్లూ కాదని ముందుగా హెచ్చరించిన డాక్టర్ కార్లో ఉర్బానీ మార్చి 29న అదే రోగంతో కన్నుమూశారు.

మార్చి 17న ప్రపంచ ఆరోగ్య సంస్థ 9 దేశాల్లోని 11 ల్యాబ్‌లను ఒక్కతాటి మీదికి తెచ్చింది. ఏ రోజు ఏం దొరికిందో ఆ రోజే ఒకరికొకరు చెప్పుకున్నారు. ఒకరు పారామిక్సో వైరస్ అన్నారు, మరొకరు మెటాన్యుమో అన్నారు. చివరకు శ్రీలంకలో పుట్టిన మలిక్ పైరిస్ బృందం హాంకాంగ్‌లో అసలు వైరస్‌ను పట్టుకుంది. అమెరికా ల్యాబ్‌కూ అదే కనిపించింది. నెదర్లాండ్స్‌లో ఆ వైరస్‌ను కోతులకు ఎక్కించి చూస్తే అదే జబ్బు వచ్చింది. ఏప్రిల్ 16న కొత్త కరోనా వైరసేనని ప్రకటించారు. సరిగ్గా నెల రోజులు! అప్పటికి వ్యాక్సిన్ లేదు. రోగులను గుర్తించి, వేరుగా ఉంచడంతోనే జూలై 5 నాటికి అదుపులోకి వచ్చింది. అయినా 774 మంది ప్రాణాలు పోయాయి.

పది దేశాల అవతలి ల్యాబ్‌లు రోజూ మాట్లాడుకోగా లేనిది, పక్కపక్క జిల్లాలు మాట్లాడుకోలేవా? రాయచూరు రోగి కర్నూలుకో హైదరాబాద్‌కో వెళతాడు. రాయగడ వాళ్లు విశాఖకు, యానాం వాళ్లు కాకినాడకు, హోసూరు వాళ్లు బెంగళూరుకు పరుగెత్తుతారు. ఊరు ఒక రాష్ట్రంలో, ఆసుపత్రి ఇంకో రాష్ట్రంలో. ఒకే వీధిలోని నలుగురు రోగులు రెండు రాష్ట్రాల లెక్కల్లో చెరో ఇద్దరుగా పడితే, ఇది గుంపుగా వచ్చిన జబ్బని ఎవరికి తట్టాలి? శాంపిల్ తీయాలని ఎవరికి తోచాలి?

అలాగని హడావుడిగా ఏదో ఒక పేరు తగిలించమని కాదు. క్లమీడియా కథ చెప్పేది అదే. అనుమానాన్ని అనుమానంగానే పక్క జిల్లా వైద్యాధికారి చెవిన వేయాలి. పరీక్ష ఫలితం రోగి ఊరి ఆసుపత్రికి తిరిగి చేరాలి. ఏమి తేలిందో ఊళ్లో జనానికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. జనం కూడా డాక్టరు దగ్గర సొంత ఊరు, తిరిగొచ్చిన ఊళ్లు దాచకూడదు.

2020లో సరిహద్దు చెక్‌పోస్టులు మనుషులను ఆపాయి, వైరస్‌ను ఆపలేకపోయాయి. మళ్లీ ఏ కొత్త రోగమో వచ్చే లోపు గేటు అవతలికి కబురు పంపడం నేర్చుకోవాలి. ఇల్లు కాలుతుంటే బావి తవ్వితే ఏం లాభం?