మోకాళ్ల నొప్పికి పొడులు కాదు, పళ్లెం మారాలి

మోకాళ్ల నొప్పులున్న ఇంట్లో ఫోను తెరిస్తే రోజుకో చిట్కా. రాత్రి నానబెట్టిన బెండకాయ నీళ్లు పరగడుపున తాగితే గుజ్జు పెరుగుతుందట. తుమ్మకాయల పొడి పాలలో కలుపుకోవాలట. మేకకాళ్ల సూపు వరసగా నలభై రోజులు తాగాలట. వీటికి తోడు ఈమధ్య ‘యాంటీ ఇన్‌ఫ్లమేటరీ’ అనే మాట ఒకటి వచ్చి చేరింది. పసుపు క్యాప్సూళ్ల దగ్గర్నుంచి అవకాడో వరకూ అన్నిటి మీదా అదే ముద్ర. పిల్లలు ఊళ్ల నుంచి ప్రేమగా డబ్బాలకు డబ్బాలు పంపిస్తున్నారు. అమ్మ మాత్రం ఇంకా మెట్లు దిగటానికి గోడ పట్టుకుంటూనే ఉంది.

ఆ మాటలో నిజం లేదని నేననను. ఉంది. కాకపోతే డబ్బాల్లో అమ్ముడవుతున్నది ఆ నిజం కాదు.

కీళ్ల అరుగుదల అంటే స్కూటరు టైరు అరిగినట్టేనని చాలాకాలం అనుకున్నాం. అది సగం కథే. అరుగుతున్న కీలు లోపలి పొరలో సన్నని సెగలా వాపు ప్రక్రియ సాగుతూ ఉంటుందని, నొప్పిలో దానికీ పాత్ర ఉందని ఇప్పుడు తెలుసు. ఒంట్లో పేరుకున్న కొవ్వు, ముఖ్యంగా పొట్ట చుట్టూ చేరిన కొవ్వు, ఊరికే కూర్చోదు. వాపును రాజేసే రసాయనాలను రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. బరువు ఎక్కువున్నవారిలో చేతివేళ్ల కీళ్లు కూడా ఎక్కువగా అరుగుతాయి. వేళ్ల మీద ఎవరూ నడవరు కదా! అంటే ఒంటి బరువు కీలును నొక్కటం ఒక్కటే కాదు, కొవ్వు రక్తం ద్వారా కూడా కీలును చేరుతోందన్నమాట.

కాబట్టి మోకాలికీ తిండికీ సంబంధం ఉంది. అది ఎక్కువగా నడుము చుట్టుకొలత మీదుగా వెళ్లే దారి. ఈ ముక్క ప్రకటనల్లో కనిపించదు. బరువు తగ్గించే పళ్లేన్ని డబ్బాలో పెట్టి అమ్మలేరు మరి.

అమెరికాలోని నార్త్ కరోలినాలో చేసిన ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు 2013లో వెలువడ్డాయి. అధిక బరువూ, మోకాళ్ల అరుగుదలా ఉన్న 454 మందిని ఏడాదిన్నర పాటు గమనించారు. తిండి తగ్గించి, వ్యాయామం కూడా చేసినవారు సగటున తమ బరువులో పదో వంతుకు పైగా తగ్గారు. వారి నొప్పి సుమారు సగానికి దిగింది. రక్తంలో వాపును సూచించే ఐఎల్-6 అనే రసాయనం కూడా తగ్గింది. అదే బృందం అంతకుముందు లెక్కగట్టిన ఇంకో సంగతి ఉంది. ఒక కిలో బరువు తగ్గితే అడుగు తీసి అడుగు వేసిన ప్రతిసారీ మోకాలి మీద పడే భారం నాలుగు కిలోలు తగ్గుతుంది. డెబ్భై కిలోలున్న అమ్మ ఏడు కిలోలు తగ్గితే అడుగుకు ఇరవై ఎనిమిది కిలోల ఉపశమనం. వంటింటికీ హాలుకీ మధ్య రోజుకు ఆమె వేసే అడుగులెన్నో లెక్కేసుకోండి.

మరి డబ్బాల సంగతి? గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ మాత్రలను పదిహేను వందల మందికి పైగా ఇచ్చి చూసిన అధ్యయనం 2006లో వచ్చింది. మొత్తం మీద చూస్తే అవి ఉత్తుత్తి మాత్రల కన్నా మెరుగని తేలలేదు. చేపనూనె, విటమిన్-డి మాత్రలను ఏళ్ల తరబడి వేసుకున్నా మోకాలి నొప్పి తగ్గలేదని మరో పెద్ద అధ్యయనం 2020లో చెప్పింది. పసుపు సారం కాస్త నయం. చిన్న అధ్యయనాల్లో నొప్పి కొద్దిగా తగ్గింది. అయితే అది సారం, మన పోపుల డబ్బాలోని పసుపు కాదు. పసుపు పొడిలో కర్‌క్యుమిన్ నూటికి మూడు పాళ్ల వరకే ఉంటుంది. పప్పులో వేసే చిటికెడుతో మోకాలు బాగుపడదు. పోనీ క్యాప్సూళ్లు మింగుదామంటే, గాఢమైన పసుపు సారంతో కాలేయం దెబ్బతిన్న సంఘటనలు కొన్ని దేశాల్లో నమోదయ్యాయి. రక్తం పలుచబడే మందులు వాడేవారు డాక్టరుకు చెప్పకుండా వీటి జోలికి పోకూడదు. ఇక మేకకాళ్ల సూపంటారా, రుచి కోసం తాగండి. అందులోని కొల్లాజెన్ పొట్టలో అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. అది నేరుగా మోకాలికి వెళ్లి గుజ్జుగా పేరుకోదు. అరిగిన గుజ్జును తిరిగి పెంచుతుందని రుజువైన ఆహారం ఇప్పటివరకూ లేదు.

నన్ను ఎక్కువగా బాధించేది మాత్రం డబ్బాలు కాదు, ‘మానేయండి’ జాబితాలు. నొప్పి మొదలవగానే ఇంటికొచ్చిన ప్రతివారూ ఒకటి చెప్పిపోతారు. పులుపు వద్దు, వంకాయ వద్దు, టమాటా వద్దు, గోంగూర వద్దు. పప్పు వాతం, పెరుగు చలవ, గుడ్డు వేడి. అన్నీ వింటూ పోతే చివరికి మిగిలేది చారన్నం, ఓ ముక్క ఆవకాయ, సాయంత్రం టీలోకి బిస్కట్లు. అంటే పిండిపదార్థం, ఉప్పు, చక్కెర. మానేయమన్నవాటిలో సగం మాంసకృత్తులు, మిగతా సగం కూరగాయలు! వంకాయ, టమాటా కీళ్ల అరుగుదలను పెంచుతాయనటానికి గట్టి ఆధారమేమీ లేదు. ఎవరికైనా ఫలానాది తింటే నొప్పి పెరిగినట్టనిపిస్తే ఓ రెండు వారాలు ఆపి, మళ్లీ తిని చూసుకోవచ్చు. తేడా లేకపోతే ఆ వంకాయ చేసిన నేరమేమిటి?

మాంసకృత్తులు తగ్గితే నష్టం ఎక్కడంటే తొడల్లో. మోకాలిని పట్టి ఉంచేది ముందు తొడ కండరమే. అరవై దాటినవారిలో కండ ఎలాగూ కరుగుతుంటుంది. అప్పుడు పప్పు మానేసి పస్తులుండి బరువు తగ్గితే కొవ్వుతో పాటు కండా పోతుంది. తూకంలో గెలిచి మెట్ల దగ్గర ఓడినట్టే. కిలో ఒంటి బరువుకు రోజుకు గ్రాము చొప్పున మాంసకృత్తులు అందాలి. గుడ్డులో ఆరు గ్రాములు, గుప్పెడు కందిపప్పులో ఏడు, కప్పు పెరుగులో అయిదు. కిడ్నీ సమస్య ఉన్నవారి లెక్క మాత్రం డాక్టరే చెప్పాలి.

ఇంతకీ ఏం తినాలి? కొత్తదేమీ లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు దగ్గర పెట్టుకుంటే చాలు. రోజుకు రెండు వేల కేలరీల లెక్కన 400 గ్రాముల కూరగాయలు, 250 గ్రాముల ధాన్యాలు, 85 గ్రాముల పప్పులు లేదా గుడ్డు, మాంసం, 27 గ్రాముల నూనె. బరువు తగ్గాల్సినవారికి ధాన్యాలు, నూనె ఇంకా తగ్గాలి. మన ఇళ్లలో కూరకూ అన్నానికీ ఉన్న నిష్పత్తి దీనికి తలకిందులు. అన్నం మీద కూర నంజుకుంటాం. కూర మీద అన్నం నంజుకోవటం అలవాటు చేసుకోవాలి. వేపుడు బదులు ఇగురు, పొడికూర, ఆవ పెట్టిన కూర. సాయంత్రం జంతికల స్థానంలో ఉడికించిన శనగలు, గుగ్గిళ్లు, జామకాయ. చేపలు తినే ఇళ్లలో ఖరీదైనవే అక్కర్లేదు, కవళ్లు, కానాగంతల్లో మంచి కొవ్వు దండిగా ఉంటుంది. ఆలివ్ నూనె కోసం అప్పులపాలు కానక్కర్లేదు. గానుగ నూనె అయినా ప్యాకెట్ నూనె అయినా గ్రాముకు తొమ్మిది కేలరీలే. పోషకాహార సంస్థ లెక్క ప్రకారం నలుగురున్న ఇంటికి నెలకు మూడున్నర లీటర్లు. మీ కిరాణా చీటీ ఓసారి తీసి చూడండి.

ఇక్కడే అసలు చిక్కు. మన ఇళ్లలో మోకాళ్ల నొప్పి ఎక్కువగా ఎవరికి? వంట చేసేవారికి. గంటల తరబడి పొయ్యి దగ్గర నిలబడి అందరికీ వేపుడు వేయించి, తనకు మాత్రం వేరుగా ఉడకబెట్టుకోవాలంటే ఎన్నాళ్లు సాగుతుంది? మూడో రోజుకు గిన్నెలో మిగిలిన వేపుడు పారేయలేక తనే తినేస్తుంది. ‘అమ్మకు డైటింగ్ అస్సలు కుదరదు’ అని నవ్వుకుంటాం. అమ్మకు కుదరకపోవటం కాదు, ఇంటికి కుదరలేదు. ఒక్క పళ్లెం మార్చటం ఎవరివల్లా కాదు, కుండే మారాలి. పొట్టతో పాటు షుగరూ బీపీ మోస్తున్న మామయ్యకు ఆ కూరే మంచిది. కూర్చుని ఉద్యోగం చేసే కొడుకుకూ అదే మంచిది. కూరలు తరగటానికి ఒక కుర్చీ, ఎత్తు సరిపోయే బల్ల వంటింట్లో వేయటం కూడా ఈ వైద్యంలో భాగమే. దానికయ్యే ఖర్చు రెండు నెలల క్యాప్సూళ్ల కన్నా తక్కువే ఉంటుంది.

తిండి మార్చాం కదా అని డాక్టరును మరచిపోకూడదు. మోకాలు ఎర్రగా, వేడిగా వాచినా, పొద్దున లేచాక అరగంట దాటినా బిగుతు వదలకపోయినా అది కీళ్లవాతం కావచ్చు, దాని మందులు వేరు. కాళ్లు వంకరపోయి, రాత్రిళ్లు నిద్ర పట్టనంత నొప్పి ఉంటే ఆపరేషన్ సంగతి మాట్లాడాల్సిందే. ‘ఇంకో ఆరునెలలు మునగాకు చూద్దాం’ అంటూ వాయిదా వేస్తే ఆలోగా తొడకండ కరిగిపోతుంది. తర్వాత ఆపరేషన్ చేసినా కోలుకోవటం కష్టం. అలాగే మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రల పట్టీ ఇంట్లో ఉంటే, వారానికి ఎన్ని ఖాళీ అవుతున్నాయో చూడండి. బీపీ, షుగరున్నవారికి అవి కిడ్నీల మీద పెట్టే భారం చాలా ఎక్కువ. ఈసారి చెకప్‌కు వెళ్లేటప్పుడు ఆ పట్టీనీ, పిల్లలు పంపిన డబ్బాలనూ ఒకే సంచిలో వేసి డాక్టరు ముందు పెట్టండి.