ఏసయ్య వెనక, చేపలు ముందు



పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక ఫోనులో ఒక బొమ్మ కొందరికి చూపించాము. దాని పేరు ‘మార్త మరియల ఇంట క్రీస్తు’. ఒక అవ్వ కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసి, “ఏసయ్య ఏడి అయ్యగారూ?” అంది. పైన కుడి మూలన, గోడలో కిటికీలాంటి దాంట్లో చిన్నగా ఉన్నాడని వేలుపెట్టి చూపించాము. “మరి ముందర ఈ చేపలేంటి?” అంది. అందరూ నవ్వారు. మేమూ నవ్వాము గానీ ఆ ప్రశ్న మమ్మల్ని వారమంతా వదల్లేదు.

బొమ్మ వేసినవాడు స్పెయిన్ దేశపు సెవిల్ పట్టణంవాడు, డియేగో వెలాస్క్వెజ్. 1618లో వేశాడు. అప్పటికి పద్దెనిమిదో పందొమ్మిదో ఏళ్లు. ఇప్పుడది లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. బొమ్మలో పెద్ద భాగమంతా వంటిల్లే. ఒక అమ్మాయి ఇత్తడి రోట్లో వెల్లుల్లి నూరుతోంది. బల్ల మీద పళ్లెంలో నాలుగు చేపలు, ఇంకో పళ్లెంలో రెండు కోడిగుడ్లు, ఒక జాడీ, ముడతలుపడ్డ ఎండుమిరపకాయ. ఆ మిరపకాయను చూసి మా ఇంట్లో అమ్మగారు తెగ సంతోషించారు. అమెరికా ఖండం నుంచి ఓడలెక్కి స్పెయిన్ చేరిన కాయ అది. తరవాత పోర్చుగీసువాళ్ల చేతుల మీదుగా మన దేశానికీ వచ్చింది. మన గుంటూరు కారానికీ ఆ అమ్మాయి బల్ల మీది కాయకూ వంశం ఒకటే.

చేపల తడి పొలుసు, గుడ్డు పెంకు మీది వెలుగు, ఇత్తడి అంచున పడిన మెరుపు, ఏదీ చేతికొచ్చినట్టు గీసి వదిలేయలేదు. రాజుగారి ముఖం వేసేంత శ్రద్ధతో వేశాడు.

చేప అంటే క్రీస్తు, గుడ్డు అంటే పునరుత్థానం అని అర్థం చెప్పేవాళ్లున్నారు. మా పాస్టర్లకు ఈ అలవాటు మరీ ఎక్కువ. తలుపు గొళ్లెం కనబడినా దానికో ఆత్మీయ అర్థం తీస్తాం. కానీ ఈ బొమ్మ విషయంలో మాకది రుచించడం లేదు. చేపను ముందు చేపగా చూడాలి. దానికి వేరే అర్థం ఉంటే తప్ప విలువ లేదనుకోవడం, ఆ చేప కడిగి వండిన మనిషిని చూడకపోవడం, రెండూ ఒకటే.

ఇలాంటి బొమ్మలంటే ఆ కాలపు పెద్దలకు చిన్నచూపు. ఫ్రాన్సు రాజుగారి చిత్రకళా అకాడమీలో ఒక వరస పెట్టుకున్నారు. పైమెట్టు బైబిలు కథలకు, వీరగాథలకు, అట్టడుగు మెట్టు పండ్లకు, గిన్నెలకు. షార్దాఁ అనే పారిస్ చిత్రకారుణ్ణి 1728లో సభ్యుడిగా చేర్చుకున్నప్పుడు కూడా, జంతువులూ పండ్లూ వేసేవాడు అన్న లెక్కలోనే చేర్చుకున్నారు. ఆయన ఏమీ మారలేదు. కొన్నేళ్లకు వంటింటి రాగి నీళ్లకాగును వేశాడు. మూడు కాళ్లు, చిన్న కుళాయి, పక్కన బొక్కెన, కూజా, అంతే. పారిస్‌లో అప్పుడు నీళ్లు మోసేవాళ్ల దగ్గర కొనుక్కుని ఇలాంటి కాగుల్లో నింపుకునేవారు. బొమ్మ అడుగు ఎత్తు కూడా లేదు. దాని ముందు నిలబడిన మనిషి గొంతు తగ్గించి మాట్లాడతాడని మా నమ్మకం. లూవ్ర్ మ్యూజియంలో ఉంది, మేము చూసింది అచ్చులోనే.

మళ్లీ మార్త దగ్గరికి వద్దాం. లూకా పదో అధ్యాయం మీద మేము ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్కలేదు. మార్తలా ఉండకండి, మరియలా ఉండండి అని చెప్పడమూ, ప్రేమవిందు రోజున మార్తలు వండిన కూర రెండోసారి వేయించుకోవడమూ, రెండూ చేశాము. ప్రభువు ఆమె తొందరను, చింతను ఎత్తిచూపాడు గానీ వంట మానమనలేదు. ఆ సంగతి మాకు వ్యాఖ్యాన గ్రంథాల్లో దొరకలేదు, ఈ బొమ్మలో ఆ అమ్మాయి ముఖంలో దొరికింది. వెనకనుంచి ఒక ముసలామె వేలు చూపిస్తూ ఏదో చెబుతోంది. అమ్మాయి కళ్లల్లో నీళ్లు నిలిచినట్టున్నాయి. వెల్లుల్లి ఘాటో, మందలింపో. ఆమే మార్త అని కొందరంటారు. మాకు మాత్రం సెవిల్‌లో ఎవరింట్లోనో పనిచేసే పిల్లలాగే కనిపిస్తోంది. లోపల వాక్యం జరుగుతోంది. ఆమె చేతిలో రోకలి ఉంది.

మన గుడి వెనక బోరు దగ్గర కూడా అంతే. విందు అయిన రోజు ముగింపు ప్రార్థన జరుగుతుంటే నలుగురైదుగురు అక్కలు డేగిసాలు తోముతూనే ఉంటారు. ఆశీర్వాదం వాళ్లకు మైకులోనే వినబడుతుంది. బోర్లించిన డేగిసా మీద మధ్యాహ్నపు ఎండ పడి కళ్లు జిగేలుమంటాయి. ఇన్నేళ్లలో మేము ఒక్కసారీ అటు తిరిగి చూడలేదు, బొమ్మ చూశాకే చూశాము.

అవ్వా, మీ ప్రశ్నకు మాకు తోచిన జవాబు ఇది. చేపలు ముందు ఎందుకున్నాయంటే, ఆ పిల్లకు ఆ పూట ముందున్నవి అవే గనక. చిత్రకారుడు ఆమె నిలబడ్డ చోట నిలబడి చూశాడు.

వచ్చే నెల ప్రేమవిందుకు గిన్నెలు మగవాళ్లు తోముతారు. యవ్వనస్థులతో మాట్లాడాము, ఇద్దరు గొణిగారు, ఒప్పుకున్నారు. పీచు, సబీనా పొడి మేము తెస్తాము. అక్కలంతా లోపల ముందు వరసలో కూర్చోండి.